వెలవెలబోవుచున్న అక్షరము

రంగులు మారుట లోకమునకు క్రొత్త కాదు. పండుగ వచ్చినచో ఇంటి గోడకు క్రొత్త సున్నము పడును. కొన్నేండ్లకొకసారి చీరల అంచులు మారును. అంగడి చేతులు మారినప్పుడెల్ల పేరుబల్ల క్రొత్త రంగు పూసికొనును. వీనివలన ఎవరికిని నష్టము లేదు. కంటికి కొంత వేడుక గూడ గలదు. కాని చదువుకొను పుట సంగతి వేరు. అచ్చుపుస్తకము అయిదు శతాబ్దములకు పైగా తెల్లని కాగితముపై నల్లని సిరాతోనే నడచినది. ముఖపత్రమునకు ఎన్ని సొగసులు దిద్దినను, లోపలి పుటల జోలికి రంగులవారు పోలేదు. చదువరికిని అక్షరమునకును నడుమ ఏ అడ్డమును ఉండరాదన్న నియమమును ముద్రాపకులు మాటలతో చెప్పకయే పాటించిరి.

వెబ్‌సైటు పుట అట్లు నిలువలేదు. పుట్టి నాలుగు దశాబ్దములైనను కాకముందే అది అయిదారు మారులు వేషము మార్చినది. బూడిద రంగుతో బయలుదేరి, మిరుమిట్లు గొలుపు రంగులలో మునిగి, గాజు మెరుపులు దిద్దుకొని, వానిని విడిచి చదునైన రంగులు కట్టి, తెల్లదనములోనికి వెలసిపోయి, నేడు రాత్రివేళ నలుపు తొడుగుచున్నది. ఈ మార్పులను గూర్చి వ్రాయువారు తరచుగా అభిరుచి యని, యుగధర్మమని చెప్పుదురు. ఆ మాటలలో కొంత నిజము గలదు. అయినను ప్రతి మార్పు వెనుకను అడుగదగిన ప్రశ్న యొకటి మిగిలియే యుండును: ఈ రంగు ఎవరి కొరకు మారినది? యంత్రము కొరకా, వర్తకుని కొరకా, చిత్రించినవాని ముచ్చట కొరకా, చదువువాని కంటి కొరకా?

తొలినాళ్లలో జవాబు సులభము, యంత్రము కొరకే. 1991లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయమున మొదటి వెబ్‌సైటును లోకమునకు తెరచినప్పుడు, ఆయన పనిచేసిన నెక్స్ట్ యంత్రపు తెరపై రంగులే లేవు. నలుపు, తెలుపు, వాని నడుమ రెండు బూడిద ఛాయలు, అంతే. ఒక పుటనుండి మరియొక పుటకు దారి చూపు లింకును గుర్తించుటకు దాని క్రింద గీత గీసిరి. 1993లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున తయారైన మొజాయిక్ బ్రౌజరు బూడిద రంగు అడుగుపై నల్లని అక్షరములను, నీలి లింకులను చూపినది. ఆ నీలము నాటినుండి నేటివరకు లింకునకు గుర్తుగా నిలిచినది. చూచి వచ్చిన లింకు ఊదా రంగునకు మారుట కూడ ఆ తొలినాళ్ల ఆచారమే. అందము కొరకు పుట్టిన రంగులు కావివి. ఇది తలుపు, ఆ తలుపు ఇదివరకే తెరచి చూచినది అని చెప్పుటకు పుట్టినవి. పని చేయు రంగులు గనుకనే అవి ముప్పదేండ్లు బ్రతికినవి.

అటుపై తెరలకు రంగులు వచ్చినవి గాని, అవియు పొదుపుగానే వచ్చినవి. 1990 దశకపు సామాన్య కంప్యూటరు ఒక్కసారిగా 256 రంగులను మాత్రమే చూపగలిగెడిది. అందులో కొన్నింటిని యంత్రమే తన పనులకు వాడుకొనును. మిగిలినవి అన్ని యంత్రములయందును ఒక్క తీరుగా కనబడవలెనన్నచో 216 రంగులకు లోబడవలసి వచ్చెను. ఈ సంఖ్య ఎవరి ఇష్టముచేతను ఏర్పడలేదు. తెరపై ప్రతి రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతుల కలయికయే. ఒక్కొక్క కాంతికి ఆరేసి మెట్లు చొప్పున ఆరును ఆరుతోను మరల ఆరుతోను హెచ్చించినచో 216 వచ్చును. ఆ పట్టికకు వెలుపలి రంగును వాడినచో యంత్రము రెండు మూడు రంగుల చుక్కలను ప్రక్కప్రక్కన చల్లి కన్నును నమ్మింపజూచెడిది. పుట పొక్కులు లేచిన గోడవలె కనబడెడిది. ఆ కాలపు పుటలు ఒకదానినొకటి పోలియుండుటకు కారణము చిత్రకారుల ఊహాదారిద్ర్యము కాదు, యంత్రముల పేదరికము.

పేదరికములో గూడ వేడుకకు లోటు రాలేదు. 1997 జనవరిలో ఆమోదము పొందిన హెచ్.టి.ఎమ్.ఎల్. 3.2 ప్రమాణము పుట అడుగునకు రంగు వేయు సదుపాయమును అందరికిని ఒక్క తీరుగా అందించినది. అంతకు ముందే బ్రౌజరులు ఆ దారి తెరచి యుండినవి. 1994లో మొదలై అమెరికాలో 2009 వరకు నడచిన జియోసిటీస్ వంటి చోట్ల లక్షలాది సామాన్యులు తమతమ పుటలను తామే కట్టుకొనిరి. నల్లని అడుగుపై పసుపుపచ్చని అక్షరములు, నక్షత్రములు పొదిగిన ఆకాశము, మిణుకుమిణుకుమను హెచ్చరికలు, ఒక్క పుటలోనే అయిదారు రంగుల శీర్షికలు! ఈనాటి నిపుణులు వానిని తలచుకొని నవ్వుకొందురు. ఆ నవ్వులో న్యాయము లేకపోలేదు. ఆ పుటలలో కొన్ని నిజముగనే కన్నును బాధించినవి. అయినను వానిని ఏ సంస్థయు వేయలేదు. ఇంటి ముంగిట ముగ్గు ఇంటివారి చేతిది అయినట్లే, ఆ రంగులు పుట యజమాని చేతివి. జాతరలోని రంగుల వలె అవి కొంత మోటుగా నుండవచ్చును గాని, అందులో మనుష్యుడు కనబడెడివాడు.

2000 దాటిన పిదప తెరలు సంపన్నములైనవి. ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు ఒక్కొక్కదానికి 256 మెట్లు చొప్పున 1,67,77,216 రంగులు సామాన్యుని బల్లమీదికి వచ్చినవి. 216 రంగుల పట్టికతో పని తీరిపోయినది. చేతినిండ సొమ్ము వచ్చినవాడు మొదట నగలు చేయించుకొన్నట్లు, పుటలు మెరుపు తొడుగుకొన్నవి. ఒక రంగు మెల్లగా మరియొక రంగులోనికి కరగిపోవు పట్టీలు, నీటిబుడగ వలె పొంగిన మీటలు, వాని క్రింద నీడలు, తళుకులు ఆ దశకమంతయు సాగినవి. తోలు, కర్ర, గాజు వంటి వస్తువులను తెరపై అచ్చముగా చూపుట గొప్పగా భావింపబడెను.

పిమ్మట ఒక దెబ్బతో ఆ నగలన్నియు ఊడినవి. 2010లో మైక్రోసాఫ్టు తన ఫోనులలో చదునైన రంగుపలకలను ప్రవేశపెట్టి, 2012లో విండోస్ 8తో వానిని కంప్యూటరులకును తెచ్చినది. 2013లో ఆపిల్ సంస్థ ఐ.ఓ.ఎస్. 7తో తళుకులను, నీడలను తీసివైచినది. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ పేర రంగులకు, నీడలకు ఒక శాస్త్రమునే కూర్చినది. అభిరుచి మారినదని అప్పుడు అనేకులు వ్రాసిరి. కాని క్రింద మరియొక కారణము కూడ గలదు. పుట అప్పటికే బల్లమీది తెరను విడిచి అరచేతిలోని ఫోనులోనికి వచ్చియుండెను. ఒక్కొక్క ఫోను తెర ఒక్కొక్క కొలత. మెరుపులను, నీడలను బొమ్మలుగా గీసి పంపుట బరువైన పని. చదునైన రంగును పంపుటకు నాలుగు అక్షరముల ఆజ్ఞ చాలును. నాజూకని పొగడబడిన చదునుదనమునకు సగము తల్లి పొదుపే.

ఇంతవరకు జరిగిన మార్పులకు యంత్రము కొంత, వాడుక కొంత కారణములు. ఈ నడుమనే వర్తకము తన చేయి పెట్టినది. 2009లో డగ్లస్ బౌమన్ అను చిత్రకారుడు గూగుల్ కొలువును విడిచిపోవుచు, అక్కడివారు రెండు నీలముల నడుమ ఏది మేలో తేల్చుకొనలేక 41 నీలపు ఛాయలను పరీక్షకు పెట్టిరని బహిరంగముగా వ్రాసినాడు. ఆ ఛాయలలో దేనిని జనులు ఎక్కువగా నొక్కుదురో అదియే నెగ్గును. ప్రకటనల లింకులకు తగిన నీలమును ఇట్లు ఎన్నుకొనుటవలన సంస్థకు ఏటా 20 కోట్ల డాలర్ల అదనపు రాబడి వచ్చినదని 2014లో ఆ సంస్థ బ్రిటను అధికారియే చెప్పినాడు. ఒక నీలమునకును దాని ప్రక్కనున్న నీలమునకును భేదము సామాన్యుని కంటికి ఆననే ఆనదు. కాని కోట్లమంది వ్రేళ్లు కలిసినప్పుడు ఆ భేదము గల్లాపెట్టెలో గలగలలాడినది.

ఈ పరీక్షను తప్పుపట్టుట తేలిక. జనులు దేనిని నొక్కుదురో తెలిసికొనుట నేరము కాదు. చిక్కు మరియొక చోట గలదు. వ్రేలు ఎన్నిమారులు నొక్కినదో లెక్కింపవచ్చును. కన్ను ఎంత శ్రమపడినదో ఆ లెక్కలో కనబడదు. లింకును నొక్కినవారు లెక్కకు వచ్చిరి. పుటను చదువలేక మూసివైచి పోయినవారు ఎందుకు పోయిరో ఎవరికిని తెలియదు. రంగునకు న్యాయాధిపతిగా కన్ను ఉండవలసిన చోట గల్లాపెట్టె కూర్చున్నది. మీటకు వేయు రంగుపై ఇంత శ్రద్ధ చూపిన లోకము, చదువవలసిన పేరాలకు వేయు రంగుపై ఏపాటి శ్రద్ధ చూపినదో పరిశీలించినచో ఈ మాటలోని నిజము తెలియును.

చదునైన రంగుల వెంటనే వచ్చినది తెల్లదనపు మోజు. విశాలమైన తెల్లని పుట. దానిపై వెండ్రుకవంటి సన్నని అక్షరము. ఆ అక్షరమునకు నలుపు మోటుదనమని తలచి వేసిన లేత బూడిద రంగు. చూచుటకు పుట మంచు పడిన ఉదయమువలె శాంతముగా నుండును. చదువబోయినచో అక్షరము ఆ మంచులోనే కరగిపోవును. 2016లో కెవిన్ మార్క్స్ అను సాంకేతిక నిపుణుడు వెబ్‌పుట చదువుటకు వీలులేనిదై పోవుచున్నదని ఒక వ్యాసమున మొరపెట్టినాడు. ఆ మొర విని నవ్వినవారును గలరు. ముసలి కన్నులకు ఏదియు నచ్చదని అన్నవారును గలరు.

ఇది నచ్చుట నచ్చకపోవుటల తగవు కాదు. దీనికి కొలత గలదు. 2008లో వెబ్ ప్రమాణముల సంఘము అందరికిని అందుబాటును గూర్చిన నియమావళిని వెలువరించినది. అక్షరపు వెలుగునకును అడుగు రంగు వెలుగునకును గల నిష్పత్తిని లెక్కగట్టు సూత్రము అందులో గలదు. తెలుపుపై నలుపు 21కి 1. అంతకు మించినది లేదు. సామాన్యమైన అక్షరమునకు కనీసము 4.5కు 1 ఉండవలెనని నియమము. ఆ 4.5 ఎక్కడినుండి వచ్చినదో తెలిసినచో దాని వెనుకనున్న మనుష్యుడు కనబడును. సామాన్యపు చూపునకు 3 చాలునని ముందునుండియు గల అంచనా. సుమారు ఎనుబదేండ్ల వయస్సున సాధారణముగా మిగులు చూపునకు దానిని ఒకటిన్నర రెట్లు చేయగా 4.5 వచ్చినది. అనగా ఈ నియమము ఏ చిత్రకారుని స్వేచ్ఛను అరికట్టుటకును పుట్టలేదు. తాతలు, అమ్మమ్మలు చదువుకొనుటకు పుట్టినది.

ఇప్పుడు ఆ సూత్రముతోనే పాతను క్రొత్తను తూచి చూడవచ్చును. లోకము నవ్విన ఆ మోటు పుటల పసుపుపచ్చ అక్షరమునకు నల్లని అడుగుపై వచ్చు నిష్పత్తి 19.5కు పైమాటే. మొజాయిక్ నాటినుండి వచ్చుచున్న లింకు నీలమునకు తెలుపుపై 8.5కు పైన. నాగరికమని పేరుపొందిన లేత బూడిద రంగులలో మిక్కిలి వాడుకలోనున్న ఒకదానికి తెలుపుపై 2.85 మాత్రమే! జాతర రంగు నెగ్గినది, నాజూకు రంగు ఓడినది. అట్లని పసుపు నలుపుల పుటలే మేలని ఎవరును అనరు. నిష్పత్తి ఒక్కటియే అందమును నిర్ణయింపదు. కాని మోటుదనమని దేనిని వెక్కిరించిరో అది చదువరికి అక్షరమును అప్పగించినది. సొగసని దేనిని మెచ్చుకొనిరో అది అక్షరమును దాచినది. అభిరుచి యను మాట ఎంతటి బరువును మోయగలదో, ఎక్కడ మోయలేదో ఈ ఒక్క తూకముతో తేటపడును.

ఇది అరుదుగా జరుగు పొరపాటు కూడ కాదు. వెబ్ఎయిమ్ అను అమెరికా సంస్థ 2019 నుండి ఏటా పది లక్షల వెబ్‌సైటుల ముఖపుటలను పరీక్షించుచున్నది. ప్రతి యేటను దాదాపు పదింట ఎనిమిది పుటలలో చాలినంత వెలుగు భేదము లేని అక్షరములు కనబడినవి. ఆ సంస్థ పట్టిక వేయు లోపములన్నిటిలోను తరచుగా కనబడునది ఇదియే. దీనిని సరిదిద్దుటకు సొమ్ము అక్కరలేదు, క్రొత్త యంత్రము అక్కరలేదు. ఒక్క సంఖ్యను మార్చినచో చాలును. ఇంత సులభమైన దిద్దుబాటు ఇన్నేండ్లుగా జరుగకపోవుట తెలియనితనముచేత కాదు. చదువరిని తలపులో ఉంచుకొనకపోవుటచేతనే.

తెలుగు లిపి విషయమున ఈ చిక్కు ఇంకను ముదురును. ఆ సూత్రము రెండు రంగుల వెలుగును పోల్చును గాని, అక్షరపు గీత ఎంత సన్నముగా నున్నదో చూడదు. పెద్ద అక్షరములకు, లావు అక్షరములకు 3 చాలునన్న సడలింపు మాత్రము ఇచ్చినది. తెలుగు అక్షరము గుండ్రని వంపుల కూర్పు. దకు ధకు, డకు ఢకు, పకు ఫకు భేదము అడుగున నిలిచిన చిన్న గీతలోనే గలదు. ఒత్తులు అసలు అక్షరముకంటె చిన్నవై క్రిందికి ఒదిగియుండును. గుడికిని గుడిదీర్ఘమునకును నడుమ ఉన్నది చిన్న మెలికయే. రంగు వెలసినచో మొట్టమొదట మాయమగునవి ఈ చిన్న గీతలు, మెలికలే. ఇంగ్లీషు పుటకు వేసిన లేత బూడిద రంగునే తెచ్చి తెలుగు పుటకు అంటించినచో, 'ధనము' కాస్త 'దనము' అగును. ఒత్తులు పుటలోనే ఇంకిపోవును. కావున తెలుగు పుటను తీర్చువాడు నియమము చెప్పిన కనీసముతో తృప్తిపడరాదు. అంతకు మించి ఇవ్వవలెను.

ఈ సంగతి సాహిత్యము చదువుకొను కొద్దిమందికి సంబంధించినది మాత్రమే యైనచో ఉపేక్షింపవచ్చును. కాని నేడు పొలము పట్టా వివరములు, పరీక్షా ఫలితములు, పింఛను దరఖాస్తులు, బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు తెరమీది పుటలలోనికి చేరినవి. ఆ పుటను చదువువాడు చల్లని గదిలో ఖరీదైన తెర ముందు కూర్చున్న చిత్రకారుడు కాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, గీతలు పడిన చవక ఫోనును అరచేతితో నీడపట్టి చూచుకొను రైతు. అద్దములు మార్పించుకొనుటకు వాయిదా వేయుచున్న విశ్రాంత ఉపాధ్యాయిని. వయస్సు పైబడినకొలది కంటిలోని కటకము పసుపు తిరుగును, కనుపాప కుదియును, లోనికి పోవు వెలుగు తగ్గును. అట్టివారికి కనబడని అక్షరము మూసిన తలుపుతో సమానము. వారు చదువురాక గాక, రంగు చాలక ఇతరుల చేయి చాచి అడుగవలసి వచ్చుచున్నది. అక్షరాస్యత కొరకు ఇన్నేండ్లు పాటుపడిన దేశమున, చదువు వచ్చినవానిని గూడ నిరక్షరునిగా చేయు శక్తి ఒక లేత రంగునకు కలుగుట చిన్న విషయము కాదు.

రంగు మీదనే అర్థమును మోపుటయు ఇట్టిదే. భారతదేశమున షేరుల పట్టికలో ఎరుపు పతనమునకు, ఆకుపచ్చ వృద్ధికి గుర్తులు. చైనాలో ఎరుపు వృద్ధికి, ఆకుపచ్చ పతనమునకు గుర్తులు. ఒక్క రంగు ఒక సరిహద్దు దాటగానే తన మాటను తలక్రిందులు చేసినది. అంతేగాక, ఎరుపునకు ఆకుపచ్చకు భేదము తెలియని కన్నులు లోకమున ఎన్నో గలవు. ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో సుమారు పన్నెండుగురికి ఒక్కరు అట్టివారే. ఫేస్‌బుక్ స్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్ తనకు ఎరుపు ఆకుపచ్చలు సరిగా కనబడవనియు, నీలమే బాగుగా కనబడుననియు 2010లో వెల్లడింపబడినది. యజమాని కన్నునకు అనువైన రంగు కోట్లమంది చూచు పుటకు రంగైనది. అట్టి అధికారము లేని చదువరి మాట ఏమి? తప్పు నింపిన గడిని ఎరుపుతో మాత్రమే చూపి ఊరకుండు దరఖాస్తులో, తన తప్పెక్కడనో అతనికి ఎట్లు తెలియును? ప్రక్కన ఒక్క మాట వ్రాసినచో తీరిపోవు చిక్కిది.

మరపుచేత జరుగునది ఒకటైనచో, తెలిసి చేయునది మరియొకటి. కొన్ని పుటలలో 'సమ్మతమే' అను మీట నిండు రంగుతో వెలిగిపోవుచుండును. దాని ప్రక్కనే 'వలదు' అను మాట అడుగు రంగులో కలిసి దాగియుండును. వెలసిన రంగు ఇక్కడ మోజు కాదు, ఉపాయము. భారత ప్రభుత్వపు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇట్టి మోసపు రీతులను 13 విధములుగా గుర్తించి మార్గదర్శక సూత్రములను వెలువరించినది. కొంత సమాచారమును ఎత్తిచూపి, కొంత సమాచారమును మరుగుపరచి వినియోగదారుని దారి తప్పించుట వానిలో ఒకటి. రంగును గూర్చి ప్రభుత్వము నియమము చేయవలసి వచ్చినదనగా, రంగు కేవలము అలంకారము కాదని ప్రభుత్వమును గుర్తించినట్లే.

చట్టము ఈ దారిలో మరికొంత ముందుకు నడచినది. ప్రభుత్వ వెబ్‌సైటుల కొరకు 2009లోనే మార్గదర్శకములు వెలువడినవి, తరువాత సవరింపబడినవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సమాచారము అందరికిని అందవలెనన్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు అంతర్జాల సేవలను అందుకొనుట రాజ్యాంగపు 21వ అధికరణము క్రింది జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. ఇన్ని మాటలు కాగితముపై నల్లని అక్షరములలో గలవు. తెరపైకి వచ్చునప్పటికి అవి బూడిద రంగునకు దిగరాదు.

ఇటీవలి నలుపు వేషమును గూర్చి ఒక మంచిమాట చెప్పవలసియున్నది. 2018లో ఆపిల్ కంప్యూటరులకు, 2019లో ఆండ్రాయిడ్, ఐఫోనులకు చీకటి రంగుల ఏర్పాటు వచ్చినది. ప్రతి చుక్కయు తన వెలుగును తానే ఇచ్చుకొను ఓలెడ్ తెరలలో నల్లని చుక్క ఆరిపోయి విద్యుత్తును మిగుల్చును. రాత్రివేళ కొందరి కన్నులకు హాయిగా నుండును. పగటివేళ చిన్న అక్షరములను చదువుటకు తెలుపుపై నలుపే మేలని ప్రయోగములు చూపినవి. నలుపుపై తెల్లని అక్షరము చెదరినట్లు కనబడు కన్నులును గలవు. కావున ఈ వేషము అందరికిని సరిపడదు. దాని గొప్పతనము రంగులో లేదు. ఏ రంగు కావలెనో ఎన్నుకొను అధికారమును చదువరి చేతికి ఇచ్చుటలో గలదు. ఇన్ని మార్పులలోను 'నీకేది కావలెను?' అని చదువరిని అడిగిన మార్పు ఇది. ఇకముందు రాబోవు రీతులు ఈ మర్యాదను నేర్చుకొనవలెను.

చిత్రకారుల వాదమును త్రోసిపుచ్చరాదు. రంగు లేని పుట జీవములేని పుట అని వారందురు. నియమములు పెరిగినచో అన్ని పుటలును ఒక్క పోతలో పోసినట్లుండునని భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదు. 1,67,77,216 రంగులనుండి తెలుపుపై చక్కగా చదువబడు రంగులను ఏరినను అవి లక్షలలో మిగులును. ఛందస్సు కవికి సంకెల కానట్లే 4.5 అను సంఖ్య చిత్రకారునికి సంకెల కాదు. అడుగు రంగు, అంచులు, బొమ్మలు, శీర్షికల చుట్టునుండు అలంకారములు ఏటేట మారవచ్చును, మారవలెను గూడ. అక్షరమొక్కటి ఆ ఆటలో పందెముగా ఒడ్డబడరాదు.

రంగునకు హృదయము గూడ ఉండగలదని చాటు ఉదాహరణ ఈ వెబ్ లోకముననే గలదు. పుటలకు రంగులు దిద్దు సి.ఎస్.ఎస్. భాషకు ఎంతో సేవచేసిన ఎరిక్ మేయర్ కుమార్తె రెబెకా 2014 జూన్‌లో, తన ఆరవ పుట్టినరోజుననే, మెదడు కణితివలన మరణించినది. ఆ పిల్లకు ఊదా రంగు ఇష్టము. లోకమునందలి సహోద్యోగులు ఆ రంగులలో ఒకదానికి ఆమె పేరు పెట్టవలెనని కోరిరి. ప్రమాణముల సంఘము అంగీకరించినది. నేడు ఏ బ్రౌజరునందైనను 'రెబెకాపర్పుల్' అని వ్రాసినచో ఆ ఊదా రంగు వెలుగును. దానిని ఏ గల్లాపెట్టెయు ఎన్నుకొనలేదు. ఏ పరీక్షయు నెగ్గింపలేదు. అయినను తూచి చూచినచో తెలుపుపై దాని నిష్పత్తి 8.4. ఆ రంగుతో వ్రాసిన అక్షరమును ఎనుబదేండ్ల కన్నును చదువగలదు.

వెబ్‌సైటుల రంగులు ఇక ముందును మారుచునే యుండును. ఆపుట ఎవరి తరమును కాదు, ఆపవలసిన అవసరమును లేదు. తెలుగున పుటలు కట్టించు కార్యాలయములు, పత్రికలు, బ్యాంకులు ఒక్క పని చేసినచో చాలును. క్రొత్త రంగులతో పుటను లోకమునకు తెరచుటకు ముందు, దానిని ఒక చవక ఫోనులో పెట్టి, అరువది దాటిన ఒకరి చేతికిచ్చి, ఎండలో నిలబెట్టి ఒక పేరా చదువుమని అడుగవలెను. వారు తడబడక చదివినచో ఆ రంగు నెగ్గినట్లు. తడబడినచో, ఎంత సొగసైనదైనను ఎంత రాబడి తెచ్చునదైనను, ఆ రంగును మార్చవలెను.